చాలన్నాక పడిన దెబ్బ

నిన్న మధ్యాహ్నం నమాజు అయ్యాక బోరబండ ఖబ్రస్తాన్‌లో కెప్టెన్ భాయ్‌ని మట్టిలో పెట్టారు. నేనూ గుప్పెడు మట్టి వేశాను. పాత హోటల్ వాళ్లు చాలామందే వచ్చారు. బట్టతలలూ బొజ్జలూ వచ్చి ఎవరెవరో పోల్చుకోవడానికి కాస్త టైం పట్టింది. ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసి ఇంచుమించు ఒకే మాట అన్నారు: "నీ చెయ్యి నిలబెట్టిన మనిషి పోయిండన్నా." ఆయన అల్లుడైతే నన్ను పక్కవాళ్లకి చూపించి, "మా మామ బతికిచ్చింది గీ అన్ననే" అని చెప్పాడు. అందరికీ తల ఊపాను. ఊపక ఏం చేస్తాను? ఇన్నేళ్లుగా ఆ కథ అలాగే నడుస్తోంది. దాన్ని ఎక్కువగా ప్రచారం చేసింది కూడా నేనే.

ఆ కథలో అబద్ధం లేదు. ఒక్క దెబ్బ తక్కువ ఉంది, అంతే. ఇంటికొచ్చి తలస్నానం చేసి, ఆ దెబ్బ సంగతి రాయకపోతే నిద్ర పట్టదనిపించి కూర్చున్నాను.

పంజాగుట్టలో ఒక పెద్ద హోటల్ పై అంతస్తులో ఉండేది మా రెస్టారెంటు. ఇప్పుడు లేదు. అద్దాల్లోంచి కిందికి చూస్తే అమీర్‌పేట వైపు జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్ అని బోర్డులు ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు కనపడేవి. నేనూ ఆ బోర్డుల్ని నమ్ముకునే భీమవరం నుంచి వచ్చాను. కంప్యూటర్ నాకు వంటబట్టలేదు. అదే బిల్డింగులో హోటల్ మేనేజ్‌మెంట్ నేర్పే ఇంకో సంస్థ ఉంటే దాంట్లో దూరాను. అలా నా రూమ్మేట్లు అమెరికా విమానం ఎక్కుతున్న రోజుల్లో నేను నల్లకోటు తొడుక్కుని, అమెరికా నుంచి వచ్చినవాళ్లకి సూపు వడ్డించే స్టీవార్డ్‌ని అయ్యాను.

కెప్టెన్ అంటే మా స్టీవార్డ్‌లందరి మీదా పెద్ద. పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉండేవాడు. చెంపలు లోపలికి పోయి, మీసం ఒక్కటే నిగనిగలాడుతూ ఉండేది. చేతులు మాత్రం ఆ ఒంటివి కావన్నట్టు పెద్దవి. ఆ చేతుల రుచి చూడనివాడు మా హాల్లో లేడు.

బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తాం కదా, దాని మీద రాలిన రొట్టె పొట్టు గీకి తీయడానికి వేలెడు పొడవు స్టీలు పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన కోటు పైజేబులో పెన్నులాగా పెట్టుకునేవాడు. అతిథి ముందు వంగి, పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేకుండా దానితో పొట్టు తీసేవాడు. తలుపు దాటి ఇవతలికి రాగానే దానితోనే మా వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. హాలుకీ వంటింటికీ మధ్య రెండు తలుపుల సందు ఒకటి ఉండేది. మా బతుకంతా ఆ సందులోనే తెల్లారింది. గ్లాసు మీద వేలిముద్ర ఉందా, సందులో మొట్టికాయ. నీళ్లు ఎడమవైపు నుంచి పోశావా, సందులో మెడ మీద ఒక్కటి. కొట్టి, కోటు సవరించుకుని, అవతలి తలుపు తోసేసరికి మొహం మీద ఎక్కడినుంచి వచ్చేదో చిరునవ్వు వచ్చేసేది. "గుడ్ ఈవెనింగ్ సర్, షల్ వి బిగిన్?"

ఒకసారి మాలో ఒకడు వేడి వంటకాన్ని చల్లటి ప్లేటులో తెచ్చాడు. కెప్టెన్ భాయ్ ప్లేట్లు కాచే పెట్టె తెరిచి, గుడ్డతో ఒక ప్లేటు తీసి, వాడి రెండు అరచేతుల్లో పెట్టాడు. "పట్టుకో. ఇడిస్తే పలుగుతది. పలిగితే నేను నీ తల పలగ్గొడ్త." వాడు పట్టుకున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వాడి మొహంలోకే చూస్తూ నిలుచున్నాడు. బొబ్బలెక్కిన ఆ చేతులకి ఐస్ పెట్టింది నేనే. ఈ మనిషి చస్తే బాగుండునని ఆ పూట మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండి మరీ కొట్టేవాడు. సాయంత్రం సైరన్ మోగగానే వంటింట్లో ఒక మూల నిలబడి ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ రోజు ఆఖరున ఎవడికి తగిలిందో వాణ్ణి పిలిచి, కొట్టిన చేత్తోనే ఇంకో ఖర్జూరం వాడి నోట్లో పెట్టేవాడు. "తిను రా. కడుపుల కోపం పెట్టుకోకు." నాకు ఆ దెబ్బ కన్నా ఆ ఖర్జూరం మీదే ఎక్కువ మంట ఉండేది.

మరి అలాంటివాడి దగ్గర ఎందుకు పడున్నారు అంటే, పని అలా ఉండేది. మా దగ్గర విందు ఒక్కసారిగా కంచంలో పెట్టరు. ముందు సూపు వస్తుంది, అది తీసేశాక సలాడ్, అది పోయాక చేప, తర్వాత మాంసం, ఆ తర్వాత స్వీటు. ఒకటి తీయందే ఇంకోటి రాదు. మన వాళ్లకి అది పెద్ద పరీక్ష. సాఫ్ట్‌వేర్ పిల్లలు కొత్త జీతాలతో తల్లిదండ్రుల్ని తీసుకొచ్చేవాళ్లు. ఆ పెద్దాయన సూపు దగ్గరే, "అన్నం ఎప్పుడొస్తుంది బాబూ?" అని అడిగేవాడు. కొడుకు సిగ్గుతో చచ్చిపోయేవాడు. కెప్టెన్ భాయ్ మాత్రం వంగి, "దారిలో ఉంది సార్" అనేవాడు. స్వీటు కూడా అయ్యాక, మెనూలో ఎక్కడా లేని పెరుగన్నం, స్టాఫ్ మెస్‌లోంచి తెచ్చిన ఆవకాయ ముక్కతో సహా, వెండి మూత కింద పెట్టి ఆ పెద్దాయన ముందు దించేవాడు. మూత తీసేటప్పుడు కెప్టెన్ భాయ్ మొహంలో గాంభీర్యం చూడాలి. ఆ ఒక్క పూటకి ఆయన్ని క్షమించేసేవాణ్ణి.

ఆయన మాకు నేర్పిన పాఠం ఒక్కటే. "అడగొద్దు, చూడు." రోజూ సాయంత్రం మా గోళ్లూ నోటి వాసనా పరీక్ష చేశాక అదే చెప్పేవాడు. "అయిందా సార్, తియ్యాల్నా సార్ అని అడిగెటోడు టిఫిన్ సెంటర్ల సర్వర్. మెహమాన్‌ను అడగొద్దు. ప్లేట్ మాట్లాడ్తది, ఇను." కత్తీ ఫోర్కూ ప్లేటులో విడివిడిగా ఉంటే మనిషి ఇంకా తింటున్నట్టు. రెండూ పక్కపక్కన జతగా ఉంటే అయిపోయినట్టు, తీసేయమన్నట్టు. జత చూసి కూడా ప్లేటు తీయకుండా నిలబడ్డవాడికి సందులో స్టీలు పట్టీ కాచుకుని ఉండేది.

ఇక ఆ విందు సంగతి.

ఊరి చివర రాళ్లూ రప్పలూ అంతా కంప్యూటర్ కంపెనీల కోసం బంగారమైపోతున్న రోజులవి. ఆ నేలని పోగుచేసి ఇచ్చే ఆసామి ఒకాయన, భూమి కొన్న కంపెనీవాళ్లకి విందు ఇచ్చాడు. కిటికీ పక్కన పెద్ద బల్ల, వడ్డన నాది. ఆసామిది తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఆయన వెంట వచ్చిన ఇద్దరు కూర్చోలేదు, తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఒకడికి చొక్కా కింద నడుం దగ్గర ఎత్తుగా ఉంది. అదేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. బల్ల చుట్టూ మిగతా అంతా సూట్లవాళ్లు.

సూపు దగ్గర్నుంచీ తెల్లబూట్లాయన అవస్థ చూస్తూనే ఉన్నాను. పక్కవాళ్లు ఏ చెంచా ఎత్తితే ఆయనా అదే ఎత్తుతున్నాడు, కాస్త ఆలస్యంగా. చేప వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. సూట్లవాళ్లు ఇంగ్లీషులో ఏదో అనుకుని నవ్వుతుంటే ఆయనా నవ్వుతున్నాడు. ఆకలితో ఉన్న మనిషి ముందు చారెడు చారెడు పెట్టి, నాలిక తడిసేలోపు కంచం తీసేస్తుంటే ఎంత కోపం ఊరుతుందో నాకు అప్పుడు తెలియలేదు.

తర్వాత వచ్చింది పొట్టేలు కాలు. ఎముకతో సహా నెమ్మదిగా ఉడికించింది. ఆయన ఫోర్కుతో గుచ్చాడు, జారింది. కత్తితో కోయబోయాడు, ఎముక తిరిగిపోయింది. కొంతసేపు దానితో కుస్తీ పట్టి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. చేత్తో తినేద్దామని. కత్తినీ ఫోర్కునీ బుద్ధిగా పక్కపక్కన ప్లేటు మీద పెట్టేసి, కుడిచేతి చొక్కా గుండీ విప్పి పైకి మడుచుకోసాగాడు.

ఆ గుండీ నేను చూడలేదు. నేను చూసింది ప్లేటు. ప్లేటులో జత. కుడివైపు నుంచి వంగి, "ఎక్స్‌క్యూజ్ మీ సర్" అని లేపేశాను.

మాంసం కోసమని చాచిన ఆయన చెయ్యి ఉత్త తెల్లగుడ్డ మీద పడింది. సూట్లవాళ్లలో ఒకడు పకపకా నవ్వాడు.

తింటున్న మనిషి ముందు నుంచి కంచం లాగడమంటే మనకి ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పగవాడైనా తినేదాకా ఆగుతాడు. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ప్లేటు కిందపడి ముక్కలైంది. కుర్చీ వెనక్కి పడింది.

"తింటున్న కంచం గుంజుతవార నా ముందలకెల్లి?"

"సారీ సర్, నేను..."

"గీ చెయ్యే గద గుంజింది?" నా అరచేతిని బల్ల మీద బోర్లా వేసి నొక్కి, రెండో చేత్తో పక్క ప్లేటులోంచి మాంసం కోసే కత్తి అందుకున్నాడు. "గిది నీకెందుకు? గిది నాకియ్యి."

చూపుడువేలి మొదట్లో కత్తి మొన దిగింది. అరుస్తానన్నట్టు నోరు తెరిచాను గానీ అరిచానో లేదో తెలియదు. గుడ్డ మీద రక్తం పాకుతోంది. తలుపు దగ్గరున్న ఇద్దరిలో ఒకడు తలుపు మూసి గడియ పెట్టాడు. రెండోవాడు చొక్కా పైకెత్తి నడుం మీద చెయ్యేసుకున్నాడు. సూట్లవాళ్లు ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నారు. ఒక్కడు కూడా కుర్చీలోంచి లేవలేదు. నా చెయ్యి పోతుంది అని నాకు రూఢి అయిపోయింది. చెయ్యి లేకుండా ఇంటికి వెళ్లి అమ్మకి ఏం చెప్పాలా అని కూడా ఆలోచించాను.

కెప్టెన్ భాయ్ హాల్లో ఎప్పుడూ పరుగెత్తడు. ఆ రోజు కూడా వంటింటి వైపు తలుపు తోసుకుని నడిచే వచ్చాడు. వచ్చి, తెల్లబూట్లాయన్ని ముట్టుకోలేదు. నా జుట్టు గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజాడు.

"అరే కుత్తే! మెహమాన్ ముందలకెల్లి ప్లేట్ లేపుతవా? సార్, జర ఇడువుండ్రి సార్. మీ చెయ్యెందుకు ఖరాబ్ చేస్కుంటరు? వీన్ని నాకు ఇడువుండ్రి, నేను జూస్త."

ఆయన మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకి హాలంతా మోగింది. చెంప మీద పడింది. నాకు ఆశ్చర్యం వేసింది, నొప్పి లేదు. రెండోదీ అంతే. కృష్ణానగర్‌లో నా రూమ్‌లో సినిమా ఫైటర్ ఒకడు ఉండేవాడు. చెయ్యి దొప్పలా చేసి కొడితే చప్పుడు ఎక్కువ, దెబ్బ తక్కువ అని రాత్రిళ్లు మా మీదే చేసి చూపించేవాడు. ఇవి ఆ దెబ్బలు. కెప్టెన్ భాయ్ అసలు దెబ్బ ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు, అందుకని నకిలీది ఇట్టే పట్టేశాను. బెల్టు తీసి కోటు మీద కొట్టాడు. బూటు పక్కకి తిప్పి కడుపులో తన్నాడు. అన్నీ చప్పుడే. మధ్యలో ఒకసారి మెడ పట్టి తోసినప్పుడు మాత్రం, ఆయన లెక్క తప్పిందో నేనే తూలానో, మొహం వెళ్లి గ్లాసులు పెట్టే బల్ల అంచుకి కొట్టుకుంది. పై పెదవి చిట్లింది. రక్తం చూసి ఆయన ఇంకా గట్టిగా కేకలు పెట్టాడు. నేనూ కేకలు పెట్టాను. అదృష్టమో దురదృష్టమో, రక్తం మా నాటకానికి పనికొచ్చింది.

తెల్లబూట్లాయన కత్తి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆ కత్తి కిందికి దిగింది. "చాలు తియ్యవయ్యా" అన్నాడు. "సంపుతవా ఏంది పోరన్ని? చాలు." కుర్చీ ఎవరో నిలబెడితే కూర్చున్నాడు.

చాలు. ఆ మాట రెండు చెవులతోనూ విన్నాను. రెండు చెవులతో నేను విన్న ఆఖరి మాట అదే.

ఎందుకంటే, ఆ తర్వాత కెప్టెన్ భాయ్ నన్ను కాలరు పట్టుకుని లేపి నిలబెట్టాడు. నా మొహంలోకి ఒకసారి చూశాడు. చూసి కొట్టాడు. ఎడమచెవి మీద, ఆ పెద్ద చేత్తో, ఉన్న బలమంతా పెట్టి. దొప్పా లేదు, నాటకమూ లేదు. తలలో ఒక సన్నటి ఈల మొదలైంది. హాలు పక్కకి ఒరిగింది.

నన్ను తెల్లగుడ్డలు దాచే గదిలో పడేశారట. విందు ఆగలేదు. కెప్టెన్ భాయ్ తెల్లబూట్లాయనకి కొత్త ప్లేటు తెచ్చి, ముందున్న కత్తులూ ఫోర్కులూ అన్నీ తీసేసి, వేడి నీళ్లలో పిండిన తువ్వాలు చేతికిచ్చి, "చేత్తోనే తినుండ్రి సార్, గిది చేత్తో తింటేనే మజా" అన్నాడట. ఆయన తిన్నాడట. సూట్లవాళ్లు కూడా ఒక్కొక్కరే ఫోర్కులు దించి చేతులతో తిన్నారట. స్వీటు దాకా అన్నీ పద్ధతిగా నడిచాయట. ఇదంతా తర్వాత మిగతావాళ్లు నాకు మురిసిపోతూ చెప్పారు. నేను కుడిచెవితో విన్నాను.

సోమాజిగూడలో డాక్టరు చూసి కర్ణభేరి చిరిగిపోయిందన్నాడు. అది మళ్లీ అతుక్కోలేదు. వేలి మీద గాటు మాత్రం చర్మం రంగులో కలిసిపోయింది.

హోటల్ అంతా ఆయన్ని మెచ్చుకుంది. భలే తెలివి చేశాడు, లేకపోతే వీడి చెయ్యి ఆ బల్ల మీదే ఉండిపోయేది అన్నారు. నేనూ అన్నాను. అది నిజం కూడా. కానీ మంచం మీద ఒత్తిగిల్లినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న. ఎవరి కోపం చల్లార్చడానికి కొట్టాడో ఆయనే చాలన్నాడు కదా. కత్తి దించాడు కదా. మరి ఆ తర్వాతది ఎవరి కోసం కొట్టాడు? అప్పటిదాకా నన్ను కాపాడినవాడు ఆ ఒక్క క్షణంలో ఏమైపోయాడు? అదొక్కటీ తేలితే చెవి పోతే పోయిందని ఊరుకునేవాణ్ణి.

ఆయన ఆ తర్వాత నన్ను ఎన్నడూ కొట్టలేదు. తప్పు చేసినా సరే. నాతో ఏదైనా చెప్పాలంటే చుట్టూ తిరిగి నా కుడివైపుకి వచ్చి చెప్పేవాడు. క్షమించమని అనలేదు, నేను అడగనూ లేదు. ఆయన దగ్గర ప్రశ్నలు అడిగే అలవాటు మాకు లేదు.

రెస్టారెంటు మూసేశాక ఎవరి దారి వాళ్లం చూసుకున్నాం. నేను ఆఫీసులకి భోజనాలు పంపే పని పెట్టుకుని నిలదొక్కుకున్నాను. పెళ్లయింది. మా ఆవిడది తణుకు. ఈ కథ విని విని, ఆ మహానుభావుడికి ఒకసారి దండం పెట్టుకోవాలని నా ప్రాణం తీసేసింది. ఆ మధ్య ఒక ఆదివారం పూట పూతరేకులు కట్టించుకుని బోరబండ తీసుకెళ్లాను.

రెండు గదుల ఇల్లు. లుంగీ బనీనులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి తగ్గిందట, కుడిచెయ్యి వణుకుతోంది. మీసానికి రంగు వేయడం మానేశాడు. నన్ను చూడగానే లేచి, తడబడుతూ, నా కుడివైపుకి వచ్చి కూర్చున్నాడు.

"మీరే లేకపోతే మా ఆయనకి చెయ్యి ఉండేది కాదండీ భాయ్ గారూ" అంది మా ఆవిడ.

"నేనేం జేసిన అమ్మా? జర చప్పుడు జేసిన, గంతే" అన్నాడు.

ఆ మాటతో నాలో ఏదో తెగింది. ఇన్నేళ్లూ ఆపుకున్నది ఆవిడ ముందే అడిగేశాను. "భాయ్, ఆయన చాలన్నాక ఎందుకు కొట్టారు నన్ను?"

ఆయన నా వైపు చూడలేదు. మా ఆవిడ వైపు చూసి చెప్పాడు. "మీ ఆయన నవ్విండమ్మా. నేను కొడ్తుంటె ఉత్తగనే కొడ్తున్నడని ఎరుకై, చాలనంగనే నవ్విండు. గా నవ్వు ఆ మనిషి జూస్తే? ఇద్దరం కలిసి తమాషా జేసినమని సంపుతుండె. గందుకే గట్టిగ ఒకటి ఇచ్చిన."

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నా ఛాతీ మీంచి పెద్ద బండ దొర్లినట్టయింది. అయితే అది కూడా నా కోసమే. మా ఆవిడా, ఆయన భార్యా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లారు. ఆయన వణికే చేతిని ఇంకో చేత్తో నొక్కుకుని నా వైపు వంగాడు.

"అమ్మ ముందట చెప్పలేదు గని," అన్నాడు నెమ్మదిగా, "ఎవ్వడు జూడలేదు రా నిన్ను. ఆడు అప్పటికే కూసున్నడు. ఆని మనుషులు సుత ఆని దిక్కే జూస్తున్నరు. జూసింది నేనొక్కన్నే."

"మరి?"

"కోపమొచ్చింది." ఆ ముసలి మొహంలో పాత మనిషి ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాడు. "అంత మంది ముందట గలీజు మాటలు మాట్లాడి, బెల్టు దీసి, నా ఇజ్జత్ తీస్కొని నిన్ను బచాయిస్తుంటె, నువ్వు నవ్వుతవా? నన్ను జూసి? నేను నీతోని కలిసి నాటకమాడె దోస్తునన్నట్టు నవ్వుతవా? నన్ను జూసి ఎవ్వడు నవ్వలే రా. భయపడ్డరు, ఏడ్సిండ్రు, గంతే. గా నవ్వు నాకు ఇప్పటికి సుత కండ్ల ముందట ఉంది. ఇప్పుడు సుత కొట్టబుద్ధయితది."

వణుకుతున్న ఆ చెయ్యి నిజంగానే లేచింది. లేచి గాల్లో ఆగింది.

నాకు ఒళ్లంతా మండిపోయింది. ఇన్నేళ్లు. ఒక నవ్వు కోసం. అదీ నేను నవ్వని నవ్వు. ఆ రోజు గుడ్డల గదిలో ఉన్న అద్దంలో నా మొహం నేను చూసుకున్నాను. పై పెదవి మధ్యకి చీలి, రెండు పక్కలకీ వాచి పైకి లేచిపోయి, చిగుళ్ల దాకా పళ్లు బయటపడి ఉన్నాయి. మూద్దామన్నా మూతపడలేదు. నేను ఏడుస్తున్నాను, అద్దంలో మాత్రం ఇకిలిస్తున్నట్టే ఉంది.

"నేను నవ్వలేదు భాయ్" అన్నాను.

"నవ్వినవ్."

"పెదవి చిట్లింది. మీరు తోస్తే బల్లకి కొట్టుకుని చిట్లింది. పళ్లు బయటికొచ్చాయి. నేను అప్పుడు ఏడుస్తున్నాను."

"నవ్వినవ్ రా! నేను జూసిన!"

పై పెదవి మీదున్న మీసం వేలితో పైకి జరిపి మచ్చ చూపించాను. దాన్ని దాచడానికే మీసం పెంచాను. ఆయన దగ్గరికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. గాల్లో ఆగిన చెయ్యి ఒళ్లోకి పడిపోయింది.

"నవ్వలేదా?" అన్నాడు.

అంతలో చాయ్ వచ్చింది. మా ఆవిడ కాళ్లకి దండం పెడితే దీవించడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. చాయ్ తాగలేదు. పూతరేకు చేతిలో పెడితే చేతిలోనే ఉండిపోయింది. భార్య భుజం తట్టి, "క్యా హువా జీ?" అని అడిగినా నా పై పెదవి వైపే చూస్తున్నాడు. మేం లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, గోడ పట్టుకుని పడుతూ లేస్తూ మా వెనకే వచ్చాడు.

"నవ్వలేదా రా?"

గొంతు బతిమాలుతున్నట్టుగా ఉంది. ఏం కావాలో నాకు తెలుసు. "అవును భాయ్, కొంచెం నవ్వానేమో, గుర్తులేదు" అంటే చాలు. చెయ్యి నిలబెట్టిన మనిషికి ఆ మాత్రం ఇవ్వచ్చు. ఇచ్చి ఉంటే ఆయన మిగిలిన రోజులు సుఖంగా పడుకునేవాడు. మా ఆవిడ, "ఏంటండీ ఆయన అడుగుతుంది?" అని నా మోచెయ్యి లాగుతోంది.

నేను వెనక్కి తిరిగి, ఆయన కళ్లలోకి చూసి, ఒక్కో మాటా విడివిడిగా వినపడేలా చెప్పాను.

"లేదు భాయ్. నవ్వలేదు."

ఆయన తల పక్కకి తిరిగిపోయింది. గోడ మీద చెయ్యి జారి, గుమ్మంలో చతికిలబడ్డాడు. లోపల్నుంచి ఆయన భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను చెయ్యి అందించలేదు, నిలబడి చూశాను. మనిషిని కొట్టడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. అబద్ధం ఎందుకు, బాగుంది.